ఎర్రమ్మకు దక్కాల్సిన బొమ్మ

కస్తూరి పెడన చేరేసరికి మస్తాన్ మాస్టారు వరండాలో కూర్చుని టేకుచెక్క మీద ఆకుల అంచు చెక్కుతున్నారు. యాభై ఏళ్లుగా కలంకారీ బట్టలకు అచ్చులు చెక్కిన చెయ్యి అది. ఈమధ్య కాస్త వణుకుతోంది.

కస్తూరి ఆయన దగ్గర రెండేళ్లు ఉండి పని నేర్చుకుంది. ఇప్పుడు విశాఖపట్నంలో, ఒక మేడమీద రెండు గదుల్లో, చిన్న స్టూడియో నడుపుతోంది. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తుంది. చెక్క మీద బొమ్మ చెక్కి, కాగితాల మీద అచ్చులు తీసి అమ్ముతుంది.

"ఏమ్మా, మొహం అలా వాడిపోయిందేం?" అన్నారు మాస్టారు.

కస్తూరి అట్టగొట్టంలోంచి ఒక కాగితం తీసి ఆయన ముందు పరిచింది. ఎండుచేపల గంప ముందు కూర్చున్న ముసలామె బొమ్మ. అంతా నల్ల సిరాయే. అయినా మొహంలో ఒక్కొక్క ముడతా విడివిడిగా తెలుస్తోంది.

"ఎర్రమ్మ అని, మా సందు చివర చేపలమ్మేది. నాలుగు మధ్యాహ్నాలు నా ఎదురుగా కదలకుండా కూర్చుంది మాస్టారూ. ఏం కావాలి అంటే, 'ఒక బొమ్మ నాకియ్యమ్మా, గోడకెట్టుకుంటాను' అంది. అంతకుమించి ఏమీ అడగలేదు."

కస్తూరి ఇస్తానంది. మొదటి అచ్చులో సిరా ఎక్కువై ముడతలు పూడుకుపోయాయి. రెండోదాంట్లో గంప అంచు పలచగా పడింది. ఆ తర్వాతది కాగితం మీద వెంట్రుకవాసి పక్కకు జరిగింది. ఎర్రమ్మకు ఇచ్చేది అన్నిటికంటే మంచిదై ఉండాలని కస్తూరి పట్టు. ఆ అచ్చులే ప్రదర్శనలకు వెళ్లాయి. మెచ్చుకున్నవాళ్లు కొనుక్కుని ఎక్కడెక్కడి ఊళ్లకో పట్టుకుపోయారు. ఒక్కరూ లోపం ఎత్తిచూపలేదు.

దారిలో కనిపించినప్పుడల్లా ఎర్రమ్మ అడిగేది: "నా బొమ్మ ఆరిందా అమ్మా?"

సిరా ఆరడానికి అంత కాలం పడుతుందనుకునేది కాబోలు.

"ఇంకొక్క వారం" అనేది కస్తూరి. అలా ఏడాదిన్నర గడిచిపోయింది.

"పోయిన నెల ఇది వచ్చింది. చూడండి, ఎక్కడా వంక పెట్టడానికి లేదు. పట్టుకుని వాళ్ల పేటకు వెళ్లాను. వీధి మొదట్లోనే ఎవరో చెప్పారు, ఎర్రమ్మ జ్వరంతో చనిపోయిందట. అప్పటికే ఇరవై రోజులయిందట. పని హడావిడిలో సందు చివర ఆమె కూర్చోవడం లేదన్న సంగతి కూడా నేను గమనించలేదు." కస్తూరి కాగితం అంచు సరిచేసింది. "లోపల కూతురుందన్నారు. ఆ గడప దాకా వెళ్లలేకపోయాను."

మాస్టారు బొమ్మనే చూస్తున్నారు.

"మంచిది ఇవ్వాలనే కదా ఆగాను! అందరికీ ఇచ్చినటువంటిది ఆమె చేతిలో పెట్టబుద్ధి కాలేదు. ఇందులో నా తప్పేమిటో మీరే చెప్పండి."

ఆయన ఏదో అనబోతుండగా వాకిట్లో సైకిలు ఆగింది. కాలువలో బట్టలు జాడించే కోటయ్య.

"సాయిబుగారూ, మనవరాలి ఉయ్యాల దగ్గర కట్టడానికి చిలకల బొమ్మ ఇస్తానన్నారు. ఎప్పుడు రమ్మంటారు?"

"వచ్చేశావుగా" అన్నారు మాస్టారు.

లేచి లోపలికి వెళ్లి పాత అచ్చు ఒకటి తెచ్చారు. గుడ్డతో దుమ్మైనా తుడవలేదు, ఉఫ్‌మని ఊదారంతే. రంగులో అద్ది, కాగితం మీద ఆనించి, పిడికిలితో గట్టిగా ఒక గుద్దు గుద్దారు. ఎత్తబోతుంటే చెయ్యి వణికింది. ఒక చిలక నిండుగా పడింది. రెండోదాని తోక సగానికి సగం పడనేలేదు.

కస్తూరి ఉండబట్టలేకపోయింది. "మాస్టారూ, ఆ తోక అంటలేదు. ఇంకొకటి తియ్యండి."

ఆయన విననట్టే కాగితం కోటయ్యకు అందించారు. "పచ్చిగా ఉంది. రెండు చేతులా పట్టుకో."

కోటయ్య చిలకల వంక చూసి పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. "సైకిలు ఇక్కడే ఉండనీండి బాబూ, మళ్లీ వచ్చి తీసుకెళ్తా" అని, కాగితాన్ని రెండు అరచేతుల మీదా పెట్టుకుని, నిండు పళ్లెం మోస్తున్నంత జాగ్రత్తగా నడుచుకుంటూ వెళ్లిపోయాడు. వీధి మలుపు తిరిగేదాకా మాస్టారు అటే చూశారు.

"అంటలేదమ్మా" అన్నారు అప్పుడు. "అందింది."

ఎర్రమ్మ బొమ్మను మెల్లగా చుట్టి, గొట్టంలో పెట్టి, కస్తూరి చేతికిచ్చారు. "కూతురుందన్నావుగా" అని మళ్లీ ఆకుల అంచు దగ్గర కూర్చున్నారు.

మర్నాడు పొద్దున్నే విశాఖపట్నం చేరి, కస్తూరి ఆ గడప ఎక్కింది. ఎర్రమ్మ కూతురు నూకరత్నం చేతులు తుడుచుకుని బొమ్మ అందుకుంది. వెలుతురు కోసం గుమ్మంలోకి వచ్చి నిలబడి, చాలాసేపు చూసింది. తర్వాత బొమ్మ చెంప మీద వేలు పెట్టింది.

"అమ్మకి ఈ పుట్టుమచ్చ ఎడం సెంప మీదుండేది. ఇందులో ఇటేపుకొచ్చిందేటక్కా?"

కస్తూరి ఉలిక్కిపడి చూసింది. నిజమే. చెక్క మీద ఎలా చెక్కితే కాగితం మీద దానికి తిరగబడి పడుతుంది. పనిలో చేరిన మొదటిరోజు మాస్టారు చెప్పిన మాట అది. గీసుకున్న బొమ్మను తిప్పకుండా అలాగే చెక్కేసింది. ఏడాదిన్నర పాటు సిరా చూసింది, అంచులు చూసింది, గంపలో ఒక్కొక్క చేపనూ చూసింది. ఇది చూడలేదు.

"ఇలా ఇవ్వు రత్నం" అంది చెయ్యి చాపి. "కొత్త చెక్క తీసుకుని సరిగ్గా చెక్కి తెస్తాను."

నూకరత్నం బొమ్మను తనవైపు లాక్కుంది.

"వొద్దక్కా. అమ్మ అద్దంలో సూసుకుంటే ఇలాగే అగుపించేది. మాకంటే తేడాగానీ, అమ్మయితే ఇది సూసి నానే అనుకునును."

కస్తూరి చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ గడప మీదే కూర్చుండిపోయింది.