పైడమ్మ బండికి గాలి నిలవలేదు

అనగనగా ఒక ఊరు, ఆ ఊరి చివర పెద్ద ఆటస్థలం. కాళ్ళు తన్నకు అమ్మలూ, దుప్పటి కప్పుకుని విను. ఆ ఆటస్థలంలో గడ్డి కోసే బండి ఒకటి ఉండేది. బుల్లి ట్రాక్టరులా ఉంటుంది. దాని పొట్ట కింద కత్తులు గిర్రున తిరుగుతాయి.

ఆ బండి నడిపేది పైడమ్మ. అంతకుముందు కొడవలితో వంగి వంగి కోసేది. బండి రాగానే పట్టుబట్టి నేర్చుకుంది. తాళంచెవి మెళ్ళో తాడుకి కట్టుకుని తిరిగేది. ఆ బండంటే అంత ప్రాణం ఆ పిల్లకి.

వాళ్ళ అత్త గవరమ్మ. "మా కోడలు బండి తోలుతుంది" అని కనపడ్డ వాళ్ళందరికీ చెప్పేది. దసరాకి ఆయుధపూజ వచ్చింది. అప్పుడు గవరమ్మ బండికి పసుపు రాసి, బొట్లు పెట్టి, పీచు కొబ్బరికాయ తీసుకుని ముందు చక్రం ఇనప అంచుకేసి ఫెడీమని కొట్టింది. ఆవిడ చెయ్యి మామూలు చెయ్యా! ఒక్క దెబ్బకి రెండు చెక్కలు.

ఆ మర్నాటి నుంచీ ఆ చక్రంలో గాలి నిలవలేదు. తుస్సుమని పోతే తెలుస్తుంది కదా! చప్పుడు లేకుండా, మెల్లిగా, దొంగలా పోయేది. చక్రం కుంగితే బండి ఒరుగుతుంది, బండి ఒరిగితే కత్తులు ఒరుగుతాయి. ఇంకేముంది, గడ్డి ఒక పక్క గుండు గీసినట్టు, ఇంకో పక్క జుట్టు పెరిగినట్టు!

ఆటస్థలం మేనేజరు చూసి మండిపడ్డాడు. "ఎల్లుండి ఆడపిల్లల ఫుట్‌బాల్ పోటీ. రేపు సాయంత్రానికి చదునుగా కోశావా సరేసరి. లేకపోతే తాళంచెవి ఇచ్చేసి మళ్ళీ కొడవలి పట్టుకో" అన్నాడు. 

పైడమ్మ చక్రానికి నిండా గాలి కొట్టింది. కాసేపటికి మళ్ళీ మెత్తబడింది. ఆ తర్వాత పంక్చర్ షాపతన్ని పిలిచింది. అతను టైరంతా చేత్తో తడిమి, "ముల్లూ లేదు, మేకూ లేదు" అని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత గవరమ్మ వచ్చి, "ఊరి కళ్ళన్నీ నీ మీదే ఉన్నాయే" అంటూ నిమ్మకాయా మిరపకాయలూ కట్టింది. అవి ఊగుతూనే ఉన్నాయి, గాలి పోతూనే ఉంది.

మర్నాడు పొద్దున పైడమ్మకి కూర్చుంటే కూర్చోబుద్ధి కాలేదు, నించుంటే నించోబుద్ధి కాలేదు. అచ్చం ఇప్పుడు నీలాగే, అటు దొర్లి ఇటు దొర్లి! "తలంటు పోస్తాను, కాస్త నెమ్మదిస్తావు" అని గవరమ్మ కూర్చోబెట్టి తలకి నూనె పెట్టింది. కుంకుడుకాయలు పిసికితే గిన్నెలో నురగ బుడగలు బుడగలుగా పొంగింది.

పైడమ్మ ఆ బుడగల్నే చూసింది. చటుక్కున గిన్నె లాక్కుని పరిగెత్తింది.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! తల నిండా నూనెతో వీధిలోకేంటే!" అని గవరమ్మ వెనకాలే పరుగు.

పైడమ్మ చక్రానికి గాలి కొట్టి, చుట్టూ కుంకుడు రసం పోసింది. టైరు మధ్యలో బుడగ లేదు. గాలి కొట్టే చోటా లేదు. టైరు ఇనప అంచుని కరుచుకునే చోట మాత్రం చిన్న బుడగ లేచింది. దాని పక్కన ఇంకోటి, ఇంకోటి!

ఆ చక్రంలో ట్యూబు ఉండదమ్మలూ. టైరూ ఇనుమూ గట్టిగా అతుక్కుంటేనే గాలి నిలుస్తుంది. పైడమ్మ చక్రం ఊడదీసి, గాలి వదిలేసి, టైరు మీదెక్కి తొక్కి అంచు విడదీసింది. లోపల ఏముందో తెలుసా? కొబ్బరి పీచు!

గవరమ్మ మొహం పాలిపోయింది. పైడమ్మ పీచు తీసేసి, అంచు శుభ్రంగా తుడిచి, కుంకుడు రసం రాసింది. ఆ తర్వాత టైరు అంచులు ఇనుముకి ఆనేలా దాని నడుం చుట్టూ తాడు బిగించి గాలి కొట్టింది. టప్పుమని అతుక్కుంది. తాడు విప్పి చక్రం బిగించి, నూనె తలతోనే బండెక్కి సాయంత్రం దాకా కోసింది. అద్దంలా చదును!

మేనేజరు వచ్చి చూసి, "ఇంతకీ ఏమైంది దానికి?" అన్నాడు. గవరమ్మ కోడలి వెనక్కి నక్కింది.

పైడమ్మ పీచుని గుప్పిట్లో దాచేసుకుంది. "ఏదో నలక ఇరుక్కుందండీ, తీసేశాను" అంది. తాళంచెవి మెళ్ళోనే ఉండిపోయింది.

ఆ మరుసటి దసరాకి గవరమ్మ మళ్ళీ కొబ్బరికాయ తెచ్చింది. చక్రం దగ్గరికి వెళ్ళింది, ఆగిపోయింది. ఆ కాయ కోడలి చేతిలో పెట్టి, "నువ్వే కొట్టవే. అదిగో, ఆ రాయి మీద. నీ బండి సంగతి నీకే తెలుసు" అంది. పైడమ్మ పకపకా నవ్వి, అత్త చేతిని కూడా కాయ మీద వేయించుకుంది. ఇద్దరూ కలిసి కొట్టారు.

గాలేమో చక్రంలో నిలిచింది,
కథేమో కంచికి కదిలింది,
కునుకేమో మనింటికి వచ్చింది.