గోడ మీద గీత

అనగా అనగా, మన తాతల తాతలు ఇంకా ఓనమాలు దిద్దుకుంటున్న రోజుల్లో, ఒక ఏటి ఒడ్డున మూడు ఊళ్లుండేవి. ఎగువన కలువలంక, నడుమ మొగలిపాడు, దిగువన బాతులదిబ్బ. మూడు ఊళ్లకూ మూడు బడులు. మూడూ రాజుగారు పెట్టించిన బడులే. పిల్లలకు చదువు ఉచితం, పంతుళ్లకు జీతం దివాణం నుంచి. ఇక కప్పులంటారా, మూడింటివీ తాటాకు కప్పులే.

తాటాకు కప్పు ఎండాకాలం ఎంతో బుద్ధిగా ఉంటుంది. వాన పడితేనే దాని బుద్ధి బయటపడుతుంది. అందులోనూ బాతులదిబ్బ బడి పల్లంలో ఉంది. పైనుంచి కారే నీళ్లు, కిందనుంచి ఊరే నీళ్లు కలిసి ఆషాఢం నుంచి కార్తీకందాకా బడి మూతపడేది. మూతపడిన నాలుగు నెలలూ పిల్లలు పనుల్లోకి పోయేవారు. మళ్లీ తలుపు తీసేసరికి సగంమంది తిరిగి వచ్చేవారు కాదు. పంతులమ్మ సుభద్రమ్మకు అదే దిగులు. ఏటా వానలు మొదలయ్యేటప్పుడు ఎవరెవరు మళ్లీ కనబడరో అని పిల్లల మొహాలు ఒక్కొక్కటే చూసుకునేది.

ఆ ఏడు ఫాల్గుణ మాసంలో దివాణం చాటింపు వేయించింది.

"ఏడాది చివరి పరీక్షకు రాజుగారు స్వయంగా వస్తున్నారహో! ఒప్పజెప్పడం, నోటిలెక్క, చేతిపని, ఈ మూడూ చూస్తారహో! ఏ బడి పిల్లలు బాగా ఎదిగారో ఆ బడికి పెంకుల కప్పు వేయిస్తారహో! ఈ ఏడు కాలిన పెంకులు ఒక్క కప్పుకే సరిపోతాయహో!"

ఆ చాటింపు విని మూడు ఊళ్లూ ఉలిక్కిపడ్డాయి.

ఆ రాజ్యంలోని బడులకు ఒక పాత ఆచారం ఉండేది. ఏడాది మొదటిరోజున బడి ముందుగోడను తడిమట్టితో మెత్తేవారు. ఆ మట్టి ఆరకముందే ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ ఒక పుల్ల తీసుకుని, తనకు వచ్చినంతలో తన పేరు రాయాలి. పేరు రాకపోతే ఒక అక్షరం, అదీ రాకపోతే ఏదో ఒక గీత. చివరిరోజున ఆ వరస కింద మళ్లీ కొంచెం తడిమట్టి మెత్తి, మళ్లీ రాయించేవారు. పై వరస వచ్చిన రోజుది, కింది వరస వెళ్లే రోజుది. బాతులదిబ్బలో మాత్రం వానలకు మెత్తిన మట్టి కరిగిపోయేది కనుక, కార్తీకంలో బడి మళ్లీ తెరిచిన రోజే మొదటిరోజు కింద లెక్క. ఆ ఆచారం ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో అందరూ మరిచిపోయారు. పిల్లల ఆటలే అనుకుని సరిపెట్టుకున్నారు.

కలువలంక పంతులు విశ్వపతి చాటింపు విన్న పూటే ముందుగోడ వంక చూశాడు. పై వరసలో వంకర అక్షరాలు, తలకిందులైన అక్షరాలు, కోడి కెలికినట్టు గీతలు.

"రాజుగారి కళ్లబడితే ఇంకేమైనా ఉందా!" అనుకుని గోడంతా కొత్తమట్టితో మెత్తించి, రెండు పూతలు సున్నం కొట్టించాడు. పనిలో పనిగా, చదువు అంతంతమాత్రంగా వచ్చే పదకొండుమందిని పిలిచి, "పరీక్షరోజు మీరు మామిడితోటకు కాపలా" అన్నాడు. వాళ్లు తోటంటే సంబరపడ్డారు. ఎందుకు పంపుతున్నాడో తరువాత అర్థమై, ఆ సంబరం కాస్తా పోయింది.

మొగలిపాడు పంతులు భైరవయ్య ఇంకో ఆకు ఎక్కువ చదివినవాడు. సున్నం కొట్టించి ఊరుకోలేదు. దాని మీద నీలిరంగుతో నెమళ్లు వేయించాడు. తన బడిలోని ఏడుగురిని ఏటి అవతల మేనమామ ఇంటికి పంపేశాడు. ఏడుగురికీ ఆయన మేనమామ కాడు. భైరవయ్యకు మేనమామ.

బాతులదిబ్బలోనూ ఊరిపెద్ద సింహాద్రి పరీక్ష ముందురోజు సాయంత్రం బడికి వచ్చాడు. వెంట ఒక సున్నపు బాన తెచ్చాడు.

"పంతులమ్మగారూ, నా మాట వినండి. ఎగువ ఊళ్లవాళ్లు గోడలు అద్దంలా చేసుకున్నారు. మనమూ చేద్దాం. ఇంకో మాట. ఆ బాతులు కాసే నూకాలు ఉంది చూశారూ, దాన్ని రేపు రావద్దనండి. కప్పు మనకు దక్కాలంటే ఇలాంటివి తప్పవు."

నూకాలుకు ఎనిమిదేళ్లు. ఆ ఏడే కొత్తగా బడిలో చేరింది. మొదటిరోజు ఆ పిల్లకు పుల్ల పట్టుకోవడం కూడా రాలేదు. గుప్పిట్లో బిగించి గోడ మీద అడ్డంగా ఒక గీత గీసి, సిగ్గుపడి పారిపోయింది. అప్పటినుంచి రోజూ బాతులను దిబ్బ మీద వదిలి, తడికాళ్లతో వచ్చి చివరి వరసలో కూర్చునేది.

సుభద్రమ్మ కారుతున్న కప్పును తలచుకుంది. తిరిగి రాని పిల్లలను తలచుకుంది. మనసు చంపుకుని "కానివ్వండి" అంది. సింహాద్రి సున్నం కలపడం మొదలుపెట్టాడు. ఆమె వెళ్లి, బాతులను తోలుకుపోతున్న నూకాలును పిలిచింది.

"రేపు ఇంటి దగ్గరే ఉండమ్మా. పరీక్షకు పెద్దపిల్లలు చాలు."

"అలాగేనండీ" అంది నూకాలు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "పంతులమ్మగారూ, నేను రాకపోయినా గోడ మీద నా గీత ఉంటుంది కదండీ. దాన్ని మాత్రం చెరపకండేం. దాని కింద నా పేరు రాసుకోవాలండీ. అందుకే కదండీ నేర్చుకున్నాను."

సుభద్రమ్మకు తన మీద తనకే అసహ్యం వేసింది. గబగబా బడికి వచ్చి, సింహాద్రి చేతిలోని కుంచె లాగేసుకుంది.

"వద్దు బాబూ. గోడ ఉన్నట్టే ఉండనివ్వండి. నూకాలు రేపు వస్తుంది."

"కప్పు పోతుందమ్మా!"

"పోతే పోనివ్వండి. పిల్లలను తడవనివ్వకూడదని కదా కప్పు అడుగుతున్నాం. ఆ పిల్లను బయట నిలబెట్టి వేయించుకున్న కప్పు కింద నేను కూర్చోలేను."

సింహాద్రి గొణుక్కుంటూ బాన ఎత్తుకుని పోయాడు. సుభద్రమ్మ నూకాలు ఇంటికి వెళ్లి, రేపు తప్పక రమ్మని చెప్పింది.

మరునాడు పొద్దున్నే రాజుగారి పల్లకి కలువలంక చేరింది. రాజుగారు పెద్దవారు. చూపు బాగా మందగించింది. కానీ ఆ మాట ఆయనతో అనే ధైర్యం ఎవరికీ లేదు కనుక, ఆయన కూడా తెలియనట్టే ఉండేవారు. చూడవలసింది ఏదైనా ఉంటే దగ్గరకు వెళ్లి వేళ్లతో తడిమేవారు.

కలువలంక పిల్లలు గుక్కతిప్పుకోకుండా వంద పద్యాలు ఒప్పజెప్పారు. లెక్క అడగడం పూర్తికాకముందే జవాబు చెప్పారు. వాళ్లు అల్లిన చాపల్లో ఒక్క పుల్ల కూడా పక్కకు పోలేదు. రాజుగారు "బాగు, బాగు" అని, లేచి ముందుగోడ దగ్గరకు వెళ్లి చెయ్యి వేశారు.

"గోడ చాలా నున్నగా ఉందే!"

"అంతా తమ దయ ప్రభూ" అన్నాడు విశ్వపతి, మురిసిపోతూ.

రాజుగారు పల్లకి ఎక్కారు. పరీక్ష అయిన బడి పంతులు రాజుగారి వెంట తరువాతి బడికి నడవడం మర్యాద. విశ్వపతి ఛాతీ విరుచుకుని పల్లకి వెనుక నడిచాడు.

మొగలిపాడు పిల్లలు నూటపది పద్యాలు ఒప్పజెప్పారు. లెక్కలు ముందునుంచీ వెనుకనుంచీ కూడా చెప్పారు. చాపలు కాదు, ఏకంగా చిన్న ఊయల అల్లి చూపించారు. రాజుగారు "భేషు" అని, గోడ దగ్గరకు వెళ్లి తడిమారు. వేళ్లకు నీలిరంగు అంటుకుంది.

"ఇదీ నున్నగానే ఉంది" అన్నారు.

"ఎగువ ఊరి గోడ కంటే నునుపు ప్రభూ!" అన్నాడు భైరవయ్య.

రాజుగారు వేళ్లు తుడుచుకుని పల్లకి ఎక్కారు. ఇప్పుడు వెనుక ఇద్దరు పంతుళ్లు. ఇద్దరి ఛాతీలూ విరిచే ఉన్నాయి.

బాతులదిబ్బకు వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. పిల్లలు ఇరవైముగ్గురూ బారులు తీరి కూర్చున్నారు. నూకాలు చివరి వరసలో ఉంది, ఎప్పటిలాగే తడికాళ్లతో. మిగతావాళ్లంతా పొద్దున్నే గోడ మీద కింది వరస రాసేశారు, బాతులను తోలి ఆలస్యంగా వచ్చిన నూకాలు ఒక్కతే ఇంకా రాయలేదు.

పద్యాలు మొదలుపెట్టిన పిల్లవాడు ఎనిమిదో పద్యం దగ్గర ఆగిపోయి పైకప్పు వంక చూశాడు. పద్యం అక్కడ లేదు. పక్కపిల్ల అందించింది. నోటిలెక్కల్లో మూడు సరిగ్గా వచ్చాయి, నాలుగోది తప్పింది. చెప్పిన పిల్ల నాలుక కరుచుకుని, "ఉండండి, మళ్లీ చేస్తాను" అని వేళ్లు మడిచి మళ్లీ చేసింది. చేతిపనిలో అల్లిన బుట్ట కొంచెం ఒక పక్కకు వాలింది. వెనుక నిలబడ్డ ఇద్దరు పంతుళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. సింహాద్రి తల పట్టుకున్నాడు. కప్పు చేజారినట్టేనని సుభద్రమ్మకు అర్థమైంది. అయినా పిల్లలందరూ కళ్లెదుట ఉన్నారు కదా అని మనసు కొంత కుదుటపడింది.

రాజుగారు లేచి గోడ దగ్గరకు వెళ్లారు. చెయ్యి వేయగానే ఆయన వేళ్లు ఆగాయి. వంకర అక్షరాలు ఒక్కొక్కటే తడిమారు. కింద అదే పేరు, తిన్నగా. పైన మళ్లీ ఒక వంకర అక్షరం, కింద గుండ్రంగా. అలా తడుముతూ, నెమ్మదిగా లెక్కపెడుతూ చివరిదాకా వచ్చారు. అక్కడ ఆయన వేలికి ఒక పొడుగాటి గీత తగిలింది. దాని కింద మెత్తిన తడిమట్టి ఖాళీగా ఉంది.

"ఇదేమిటి? పిల్లి గోకిందా?"

పిల్లలంతా నవ్వారు. నూకాలు లేచి నిలబడింది.

"నాదండీ. మొదటిరోజు నాకు పుల్ల పట్టుకోవడం రాదండీ."

"ఇప్పుడు వచ్చా?"

నూకాలు పుల్ల తీసుకుంది. గీత కింద, తడిమట్టి మీద, నాలుక కొసను పంటితో పట్టుకుని రాయసాగింది. మూడక్షరాల పేరు. రాజుగారు తొందరపెట్టలేదు. రాయడం అయ్యాక ఆయన ఆ మూడక్షరాలనూ వేలితో దిద్దుతూ చదివారు.

"నూకాలు! ఇంకేం వచ్చమ్మా?"

"వందదాకా అంకెలు వచ్చండీ. మా బాతులు అరవైనాలుగు. ఇదివరకు ఒకటి తప్పిపోయినా తెలిసేది కాదండీ. ఇప్పుడు తెలుస్తుందండీ."

"ఏం రాదు?"

"ఎక్కాలు రావండీ. రెండో ఎక్కం సగందాకా వచ్చింది. వానలు పడి బడి మూస్తే అదీ మరిచిపోతానేమోనండీ."

రాజుగారు వెనక్కి తిరిగారు.

"విశ్వపతీ, ఈ గోడ మీద ఇరవైమూడు పేర్లున్నాయి. పరీక్షకు కూర్చున్నవారూ ఇరవైముగ్గురే. మీ గోడ మీద ఎన్ని పేర్లుండేవి?"

విశ్వపతి ఛాతీ లోపలికి పోయింది. "నలభైఒకటి ప్రభూ. కూర్చున్నది ముప్పైమంది."

"నీ గోడ మీద, భైరవయ్యా?"

"ముప్పైమూడు... ఇరవైఆరుగురు కూర్చున్నారు ప్రభూ."

"మీ పిల్లలకు విద్య వచ్చు. ఆ మాట కాదనను. కానీ అది ఈ ఏడు వచ్చిందో, పుట్టుకతో వచ్చిందో నాకెలా తెలుస్తుంది? ఎదిగినవారికి కప్పు అన్నాను. ఎక్కడినుంచి ఎదిగారో మీరే సున్నంతో కప్పేశారు." ఆయన సుభద్రమ్మ వైపు తిరిగారు. "ఈ బడి ఒక్కటే ఏమీ దాచలేదు. పెంకులు ఈ బడికే."

సింహాద్రి ఎగిరి గంతేయబోయాడు. సుభద్రమ్మ చేతులు జోడించింది.

"ప్రభూ, ఒక్క మాట. దాచలేదనకండి. నిన్న సాయంత్రం ఈ గోడకు సున్నం కలపనిచ్చాను. ఈ పిల్లను రావద్దని నా నోటితోనే అన్నాను. తన గీత చెరపవద్దని ఈ పిల్లే అడిగింది. ఆ మాటతో నాకు కళ్లు తెరుచుకున్నాయి. ఇది తెలిశాక కప్పు ఇవ్వాలో వద్దో తమ చిత్తం."

సింహాద్రి గంతు సగంలోనే ఆగిపోయింది.

రాజుగారు నవ్వారు. "నా చిన్నతనంలో నేను రాసిన మొదటి అక్షరాన్ని ఆస్థానమంతా మెచ్చుకుంది. అది తప్పని తెలియడానికి నాకు మూడేళ్లు పట్టింది. నీలాంటి పంతులమ్మ ఉండి ఉంటే మూడు నిమిషాల్లో తెలిసేది. పెంకులు రేపే బయలుదేరతాయి."

ఆయన మిగిలిన ఇద్దరికీ శిక్ష కూడా వేశారు. అది కొరడా కాదు, జరిమానా కాదు. కొత్త ఏడాది మొదటిరోజున ఇద్దరూ పిల్లలందరి ఎదుట, తడిగోడ మీద ఎడమచేత్తో తమ పేర్లు రాయాలి. ఏడాది పొడుగునా వాటిని చెరపకూడదు.

రాశారు. కోడి కెలికినట్టే వచ్చాయి. మామిడితోట నుంచి వచ్చిన పదకొండుమంది, ఏటి అవతలినుంచి వచ్చిన ఏడుగురు అందరికంటే గట్టిగా నవ్వారు. మొదట ఇద్దరు పంతుళ్లకూ మొహాలు ఎర్రబడ్డాయి. ఆ తరువాత వాళ్లూ నవ్వక తప్పలేదు. ఆపై ఆ రెండు బడుల్లో పరీక్షరోజున ఎవరినీ తోటకు గానీ, మేనమామ ఇంటికి గానీ పంపలేదు.

ఆషాఢం వచ్చింది. బాతులదిబ్బ మీద వాన దంచికొట్టింది. కొత్త పెంకుల కింద ఇరవైముగ్గురూ పొడిగా కూర్చున్నారు. ఆ ఏడు ఒక్క పేరూ తగ్గలేదు. సుభద్రమ్మ మొహాలు లెక్కపెట్టుకుని కళ్లు తుడుచుకుంది. చివరి వరసలోంచి, వాన చప్పుడును మించిన గొంతుతో, నూకాలు రెండో ఎక్కం చివరిదాకా చెప్పింది.

కనుక పిల్లలూ, మీరు నేర్చినదాన్ని నలుగురికీ చూపండి, కానీ ఎక్కడ మొదలుపెట్టారో అది ఎన్నడూ చెరిపేయకండి. మొదటి వంకరగీతను దాచనివారి ఎదుగుదలే అందరూ నమ్మే ఎదుగుదల.