రబ్బరుకి నోరు వచ్చిన రోజు

ఒకప్పుడు రబ్బరు పగిలేది కాదు. ఎండకి బీటలు వారేది కాదు, ఏళ్లు గడిచినా ముదిరేది కాదు.

బండి అడుగున ఇనుముకీ ఇనుముకీ పడదు. చక్రం వైపు ఇనుము పైకి లేస్తానంటుంది, బండి వైపు ఇనుము కిందికి దిగమంటుంది. అందుకే రెండింటి మధ్యా కడియంలాంటి రబ్బరు ముక్కని కూర్చోబెట్టారు. దాన్నే బుష్ అంటారు. ఇనుములు తిట్టుకున్న ప్రతి తిట్టూ అది మింగేసేది. అదే దాని తిండి.

పాడేరు ఘాట్‌లో సంతకి జీపు తోలేవాడు అప్పలకొండ. జీపంటే ఇప్పటిలా అద్దాలు బిగించుకుని కూర్చునేది కాదు. మనుషులు, మేకలు, పనసకాయలు, అన్నీ ఒకదాని మీద ఒకటి. మేక ఒళ్లో కూర్చున్నా ఎవరూ ఏమీ అనేవారు కాదు. సరే, అది వేరే సంగతి.

దసరాకి ఆయుధపూజ చేస్తూ అప్పలకొండ బండిలో ప్రతి ఇనుముకీ నూనె రాశాడు. అడుగున బుష్ కనిపించింది.

"ఏడాదంతా మోసేది నువ్వు. పండగపూట నిన్నొదిలేస్తే బాగోదు" అని దానికీ దిట్టంగా పట్టించాడు.

రబ్బరు నూనె తాగింది. ఉబ్బింది. దానికి కొత్త ఆకలి పుట్టింది.

ఆ తరవాత గతుకుల చప్పుడు వినపడటం మానేసింది. బండి మెత్తబడిందని అప్పలకొండ మురిసిపోయాడు. మెల్లగా హారన్ పోయింది. జీపు వెళ్లిన మలుపుల్లో పిట్టల కూత పోయింది. పిట్టలు మాత్రం కొమ్మ మీదే ఉండి నోళ్లు తెరిచి మూస్తున్నాయి.

ఒక మధ్యాహ్నం కూతురు నూకాలుని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని సంతకి బయల్దేరాడు.

"అయ్యా, నాకు ఎర్రగాజులు కావాలి. పోయినసారి పచ్చవి తెచ్చి ఎర్రవే అన్నావు. ఈసారి నేనే ఏరుకుంటాను. ఇంకా అమ్మకేమో..."

మాట తెగిపోయింది. పెదాలు కదులుతూనే ఉన్నాయి. కాసేపటికి నూకాలు గొంతు పట్టుకుని తండ్రి వైపు చూసింది.

అప్పలకొండ జీపు ఆపి కిందికి దూరాడు. బుష్‌కి చెవి ఆనించాడు. లోపల, నూతి అడుగున ఉన్నట్టు, హారన్. పిట్టలు. సన్నగా, "అయ్యా, ఎర్రగాజులు."

"నా కూతురి గొంతు ఇచ్చెయ్" అన్నాడు.

"రుచి మప్పింది నువ్వే" అంది రబ్బరు, లోపల్నుంచే. "నాకు నోరు లేదు. ఒంటితో మింగుతాను. ఎలా కక్కను?"

అప్పలకొండ బయటికొచ్చి తల పైకెత్తాడు. "ఎండా, దీనికి నోరు పెట్టు తల్లీ."

"పెడతాను. కానీ నేను పెట్టిన నోరు మళ్లీ మూతపడదు" అంది ఎండ. "నీ బండి మూలుగుతుంది, ఊగుతుంది. పాతది పీకి కొత్తది వేసినా దానికీ నోరొస్తుంది. లోకంలో ఉన్న రబ్బరంతటికీ అంతే."

"మూలగనీ. నా పిల్ల మాట్లాడితే చాలు."

ఎండ వంగి బండి కిందికి పాకింది. రబ్బరు మీద వెంట్రుకంత గీత పడింది. గీత విచ్చుకుంది. ఏళ్లనాటి ఇనుము తిట్లు, హారన్లు, కూతలు కొండంతా మోగాయి. చివరికి, "...చీర కొనాలి" అంది నూకాలు.

అప్పలకొండ పిల్లని గుండెకి హత్తుకున్నాడు. అయినా ఆ గీతలోంచి ఇంకా ఎవరో పిలుస్తున్నారు, అతని పేరు పెట్టి. ఏ మలుపులో మింగిందో, ఆ గొంతు అతనెరగడు. వెనక్కి చూడకుండా బండి తోలాడు.

అప్పటినుంచే నూనె తగిలితే రబ్బరు ఉబ్బుతుంది, ఎండకి పగులుతుంది. పగిలిన బుష్ ఉన్న బండి గతుకు తగిలినప్పుడల్లా మూలుగుతుంది. చెవి పెట్టి వింటే, ఆ మూలుగులో ఇనుముది కాని గొంతు ఒకటి ఉంటుంది.