నక్క తెచ్చిన పుట్టింటి సారె

వేరుశనగ చేను గట్టున రాళ్లకుప్ప. దాని కింద బొరియలో సుంకి అనే కుందేలు, నిండు చూలాలు. పుట్టింటివాళ్లంటూ ఎవరూ లేరు పాపం. అది కనిపెట్టింది నక్క. చిలగడదుంపలు, చెరకు ముక్కలు రోజూ తెచ్చి కుప్ప దగ్గర పెట్టేది.

"నన్ను అన్నే అనుకో చెల్లీ! ఇది పుట్టింటి సారె. ఇద్దరి తిండి తినాలి నువ్వు" అనేది దూరంగా నిలబడి. నక్క వినయమంటే అదే మరి! సుంకికి కళ్లనీళ్లు తిరిగేవి. ఆకలున్నా లేకున్నా తినేది.

కానుపైంది, సారె ఆగలేదు. "బాలింతవి, కాలు కదపకు" అంది నక్క. పిల్లలు పుట్టినా సుంకి ఒళ్లు తగ్గలేదు. ఓ సాయంత్రం బొరియలోకి దూరబోతే నడుము రాళ్లకు గీరుకుపోయింది.

"ఏం చెల్లీ, గుమ్మం పట్టడం లేదా?" ఎంత సంబరమో నక్క గొంతులో!

ఆ మాట సుంకి మంత్రసానికి చెప్పింది. మంత్రసాని ఓబులవ్వ ముళ్లపంది, నోరూ ముళ్లే.

"ఓసి పిచ్చిదానా! సారె తెచ్చినవాడు పిల్లలెలా ఉన్నారని అడుగుతాడు. నీ నడుము గుమ్మంలో పడుతుందా అని అడుగుతాడా? నువ్వు ఇరుక్కునే రోజు కోసం కాచుకున్నాడే వాడు!"

లోపల పసిగుడ్లు. ఇరుక్కుంటానేమోనన్న భయంతో సుంకి తిండి ముట్టడం మానేసింది. పాలు తగ్గి పిల్లలు గీపెట్టారు.

"పస్తుంటే పాలెక్కణ్ణుంచి వస్తాయే?" కసిరింది ఓబులవ్వ. "కడుపుతో ఉన్నప్పుడు ఒళ్లు రావాల్సిందే. వచ్చింది మెల్లగానే పోవాలి. ఆకలైనంత తిను, పచ్చిగడ్డి తిను. పిల్లలు పడుకోగానే కుప్ప చుట్టూ తిరుగు."

సుంకి అలాగే చేసింది. నక్క వచ్చినప్పుడు మాత్రం లోపల్నుంచే మూలిగేది, "కదల్లేకపోతున్నానన్నా!" అని.

నడుము రాళ్లకు తగలకుండా దూరగలిగిన రోజున, బొచ్చంతా ఉబ్బించుకుని గుమ్మం ముందు కూర్చుంది. నక్క రాగానే మొత్తుకుంది:

"లోపలికి పట్టడం లేదన్నా! పిల్లలు ఏడుస్తున్నారు!"

"ఏడవనీ. సారె పెట్టినవాడికి విందు పెట్టవా చెల్లీ?"

నక్క దూకింది. పళ్లు తోకకు తగిలాయి. సుంకి సర్రున లోపలికి జారింది. గుమ్మంలో ఇరుక్కునే ఉంటుందనుకుని నక్క తల బలంగా దూర్చింది. తల రాళ్ల మధ్య బిగుసుకుపోయింది. కుప్ప చాటున కాచుకున్న ఓబులవ్వ ముళ్లు విప్పుకుని వెనక నుంచి వచ్చింది.

"అమ్మో! చచ్చాను! నెట్టవే చెల్లీ!"

పిల్లల్ని పొదువుకుని అంది సుంకి:

"నాలుగు రోజులు పథ్యం ఉండన్నా, తల అదే వస్తుంది."

నీతి: ఎంత తినాలో మన ఆకలి చెప్పాలి గానీ, ఎదుటివాడి సారె కాదు.