పచ్చదీపం ఆరలేదు

చెన్నకేశవులుకి ఒకటే బాధ. నలభై రోజులైనా ఉస్తాద్ తాళంచెవి ఇవ్వడం లేదు.

బద్వేలు చుట్టుపక్కల పదకొండేళ్లు జేసీబీ తోలిన మనిషి. వాడు పూడిక తీయని కాలువ లేదు, పడగొట్టని గోడ లేదు. అట్లాంటివాణ్ణి తెచ్చి, నేలకు అతికిన ప్లాస్టిక్ షీట్లు గీకే మిషను మీద కూర్చోబెట్టారు. కూర్చోబెట్టారే గానీ, దాని తాళంచెవి మాత్రం ఖాసింపీరా ఉస్తాద్ మెడలో నల్లదారానికే వేలాడుతుంది. పొద్దున ఇస్తాడు, సాయంత్రం తీసుకుంటాడు. ఆ తాళం నల్లదారంతో సహా చేతికొచ్చిన రోజే మనిషి ఆపరేటరు అయినట్టు. నెల్లూరులో ఒక సినిమాహాలు నేల కేశవులు కోసం కాచుకొని ఉంది. ఎప్పుడిస్తారు ఉస్తాద్ అంటే, "ఇస్తాలే నాయనా" అంటాడాయన. అంతే.

ఆ మిషను గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. చూడ్డానికి పొట్టిది, మంచమంత ఉంటుంది. బరువు మాత్రం టన్నుకు పైమాటే. మీద ఒక సీటు, చేతులకు రెండు లివర్లు, ముందర నేల వైపు వంగి మూరెడు వెడల్పు కత్తి. లివర్లు ముందుకు తోస్తే ఆ కత్తి షీటు కిందికి దూరి, పెనం మీంచి దోసె లేపినట్టు లేపుకుంటూ పోతుంది. బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి, నిలబడి ఉన్నప్పుడు అది బతికుందో చచ్చిందో చెవికి తెలియదు. లివరు పక్కన ఒక పచ్చదీపం ఉంటుంది, అదే గుర్తు. మనిషి సీటు మీంచి లేచాడా, టక్కుమని దీపం ఆరిపోతుంది, మిషను చచ్చిపోతుంది. మళ్లీ కూర్చుని, తాళం తిప్పి, దీపం వెలిగేదాకా పది లెక్కపెట్టుకోవాలి.

ఇదిగో, కేశవులుకి ఒళ్లు మండేది ఇక్కడే.

పని తిరుపతిలో, మూతబడిన ఒక బట్టల షోరూములో. ముప్పై ఏళ్లుగా ఒకదాని మీద ఒకటి అతికించిన మూడు పొరల షీట్లు. కింద జిగురు. గంటకు ఐదారుసార్లు ఆ జిగురు ఉండలు కట్టి కత్తికి చుట్టుకునేది. దిగి తీయాలి. దిగిన ప్రతిసారీ ఉస్తాద్ పద్ధతి ఒకటే. కత్తిని నేలకు ఆనించు, తాళం పీకి జేబులో వేసుకో, తోలు గ్లౌజులు తొడుక్కో, కొక్కెం కర్రతో జిగురు లాగు. చెయ్యి కత్తి దగ్గరికి పోకూడదు. ఇక పొద్దున పని మొదలుపెట్టే ముందు సరేసరి, హాలంతా కర్రతో తట్టుకుంటూ తిరిగి, షీటు కింద ఎక్కడ బోల్టు తల తగిలితే అక్కడ సుద్దతో సున్నా చుట్టాలి. ఆ బోల్టుకి కత్తి తగిలితే మిషను ఆగుతుంది, మీద మనిషి ఆగడు.

"మేము జేసీబీ ఇంజను ఆపకుండానే దిగి టీ తాగొచ్చేవాళ్లం ఉస్తాద్," అన్నాడొకరోజు కేశవులు.

"టీ బాగుండిందా?" అన్నాడు ఉస్తాద్.

కేశవులు దిగి కొక్కెం కర్ర అందుకున్నాడు.

షోరూములో, లేచిన షీట్లు చుట్టే ఆడవాళ్లు కాక, ఇంకో మనిషి ఉండేవాడు. జిలానీ సాయెబు. ఎనభై దాటినాయన, కళ్లు సరిగా ఆనవు. ఖాసింపీరాకి ఈ పని నేర్పిన గురువు ఆయనే. ఖాసింపీరా ఏ ఊళ్లో పని ఒప్పుకున్నా ఆయన్ని వెంటబెట్టుకొని వస్తాడు. దుమ్ము రాని చోట కుర్చీ వేసి, చేతులు కూడా కనబడకుండా శాలువా కప్పి కూర్చోబెడతాడు. మధ్యాహ్నమైతే తన చేత్తో అన్నం కలిపి ముద్దలు పెడతాడు. పెద్దతనం, చేతులు వణుకుతాయి కాబోలు అనుకున్నాడు కేశవులు. అంతకుమించి ఆలోచించలేదు.

అట్లా ఉండగా పెద్దాయనకి కంటి పొర తీయించే పని పడింది. ఖాసింపీరా రెండు రోజులు ఊళ్లో ఉండడు. పోయేముందు తాళం కేశవులు చేతిలో పెట్టాడు.

"రెండు రోజులు మిషను నీది. పద్ధతి మాత్రం నాది," అన్నాడు.

మొదటి రోజు మధ్యాహ్నం దాకా పద్ధతి ఉస్తాద్‌దే. ఇరవై ఒక్కసార్లు దిగాడు కేశవులు, ఇరవై ఒక్కసార్లు ఎక్కాడు. అప్పుడొచ్చాడు షోరూము ఇంజనీరు. హాలు ఈ చివర్నుంచి ఆ చివరికి చూసి, "ఇంతేనా? పదకొండేళ్ల అనుభవం అన్నారే!" అన్నాడు.

అబ్బా, ఆ మాట కేశవులుకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఇంజనీరు అటు పోగానే సీటు లేపాడు. కింద ఉన్న తీగలు రెండూ కలిపి మెలితిప్పాడు, నల్లటేపు చుట్టాడు, సీటు మూశాడు. ఇక మనిషి లేచినా మిషనుకి తెలియదు. దీపం ఆరదు, పది లెక్కపెట్టే పని లేదు, కత్తి ఆనించే పని లేదు. చటుక్కున దిగు, జిగురు పీకు, ఎక్కు, తోలు.

మర్నాడు సాయంత్రానికి హాలంతా నున్నటి సిమెంటు తేలింది, ఒక్క మూల తప్ప. ఇంజనీరు వచ్చి భుజం తట్టాడు. మనవాడు మీసం దువ్వుకున్నాడు. పడుకునే ముందు నెల్లూరు బస్సు ఎన్నింటికో కూడా కనుక్కున్నాడు. ఒక్క పనే మరిచిపోయాడు, ఆ తీగ విప్పడం. నిజం చెప్పాలంటే మరిచిపోలేదు, మిగిలిన మూల కూడా అయ్యాక విప్పుదాంలే అనుకున్నాడు.

మూడో రోజు పొద్దున ఉస్తాద్ వచ్చాడు. పెద్దాయన కంటికి కట్టుతోనే వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. ఖాసింపీరా శాలువా సర్ది, తన కర్ర తీసుకొని, గీకిన నేల మీద నడవడం మొదలుపెట్టాడు.

మామూలుగా ఆయన గీకని నేలని తడతాడు. ఈరోజు గీకిన నేలని చూస్తున్నాడు. కత్తి నేలకు ఆనించి దిగిన చోటల్లా సిమెంటు మీద సన్నటి గీత ఒకటి పడుతుంది. ఆ గీత కనబడినప్పుడల్లా కర్రతో ముట్టుకొని, లెక్కపెడుతున్నట్టు పెదాలు కదుపుకుంటూ ముందుకు పోతున్నాడు. హాలు సగం దాకా అట్లా ఆగుతూ పోయాడు. మిగతా సగంలో ఎక్కడా ఆగలేదు. చివరిదాకా పోయి, వెనక్కి తిరిగొచ్చాడు. దారిలో మిషను పక్కన, సీటు దగ్గర వంగి చెప్పు సర్దుకున్నాడు.

"నేల బాగా లేచింది నాయనా," అన్నాడు. "ఆ మూల కూడా తోలెయ్. చూస్తా. అయిపోయినాక తాళం నీకే."

కేశవులు గుండె ఎగిరి గంతేసింది. ఎక్కి కూర్చున్నాడు. పచ్చదీపం వెలిగింది. రెండు లివర్లూ మెత్తగా తోశాడు. షీటు చక్కగా లేస్తోంది. ఉస్తాద్ చూస్తున్నాడని వీపు నిటారుగా పెట్టుకొని మరీ తోలాడు. పది బారలు పోయాడో లేదో కత్తికి జిగురు చుట్టుకుంది.

"నిలుపు," అన్నాడు ఉస్తాద్. "జిగురు నేను తీస్తా. నువ్వు లెయ్. నువ్వు లేస్తే అది చచ్చిపోతాది గదా."

తాళం తీయమనలేదు. ఆ సంగతి కేశవులుకి తట్టలేదు.

ఉస్తాద్ పసుపు తోలు గ్లౌజులు తీసుకొని మిషను ముందు ఒక పక్కగా మోకాళ్ల మీద కూర్చున్నాడు. సీటు దగ్గర్నుంచి కేశవులుకి ఆయన వీపు, వంచిన తల, కత్తి అంచు దగ్గర పసుపు గ్లౌజు కనబడుతున్నాయి. అలవాటు ప్రకారం లేచి నిలబడ్డాడు.

టక్కుమనలేదు.

కేశవులు పచ్చదీపం వైపు చూశాడు. వెలుగుతూనే ఉంది.

తీగ! ఉస్తాద్ వంచిన తల ఎత్తడం లేదు, దీపం చూడటం లేదు. మిషను చచ్చిందన్న నమ్మకంతో నాలుగు వేళ్లూ కత్తి కిందికి పెట్టేశాడు. టన్ను బరువు మిషను, బతికున్న మిషను, ఆయన చేతి ముందర ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది.

ఏం చెప్పాలి? చెప్తే తాళం పోతుంది. నెల్లూరు పోతుంది. నలభై రోజులు పోతాయి. చప్పుడు చేయకుండా కదలకుండా నిలబడితే, ఆయన జిగురు తీసుకొని లేస్తాడు, ఎవరికీ ఏమీ తెలియదు. రెండు క్షణాలు చాలు. లివరు తగలకుండా నిలబడితే చాలు.

ఆ ఆలోచన వచ్చిన మాట నిజం. తర్వాత కూడా దాన్ని దాచుకోలేదు కేశవులు.

అంతలోనే వాడి గొంతు పగిలింది.

"ఉస్తాద్! చెయ్యి తీయండి! బతికుండాది! మిషను బతికుండాది!"

అరుస్తూనే ఆయన్ని లాగడానికి ముందుకు దూకబోయాడు. తొడ లివరుకి కొట్టుకుంది. మిషను జానెడు ముందుకు ఎగిరింది.

నాలుగు పసుపు వేళ్లు తెగి సిమెంటు మీద పడ్డాయి.

షీట్లు చుట్టే ఆడవాళ్లు చేతుల్లోని షీట్లు వదిలేశారు. అప్పుడే లోపలికొచ్చిన ఇంజనీరు చేతిలో ఫోను అట్లాగే చెవి దగ్గర ఉండిపోయింది. కేశవులు తాళం ఎప్పుడు తిప్పాడో, ఎట్లా కిందికి దిగాడో వాడికి తెలియదు. ఆ వేళ్ల ముందు కూలబడ్డాడు. ఏరి చేతిలోకి తీసుకుందామని చెయ్యి చాచాడు, చెయ్యి ముందుకు పోలేదు. నెత్తురు లేదన్న సంగతి కూడా కళ్లకు ఆనలేదు. "అయ్యో... అయ్యో ఉస్తాద్..." అంటూనే ఉన్నాడు.

అప్పుడు ఖాసింపీరా లేచి నిలబడ్డాడు. ఎడమచేత్తో మోకాలి దుమ్ము దులుపుకున్నాడు. కుడిచేతిలో కొక్కెం కర్ర. కర్ర చివర, గుడ్డపీలికలు కుక్కిన గ్లౌజు, వేళ్లు లేకుండా.

ఆయన చేతులు రెండూ ఆయనకే ఉన్నాయి.

కేశవులు ఆ చేతుల వంక చూశాడు. తెగిన పసుపు వేళ్ల వంక చూశాడు. ఇందాక రాని ఏడుపు అప్పుడొచ్చింది. పదకొండేళ్ల ఆపరేటరు, మీసాల మనిషి, అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు. "సీటు కింద తీగ చుట్టింది నేనే ఉస్తాద్," అని నాలుగుసార్లు చెప్పాడు. ఒక్కసారి చెప్తే వినబడలేదేమో అన్నట్టు.

కుర్చీలోంచి పెద్దాయన గొంతు వినబడింది. కంటి కట్టు వల్ల ఆయనకు ఏమీ కనబడటం లేదు.

"ఏమాయె ఖాసిం? ఎవరికి తెగింది?"

"ఎవరికీ లేదు ఉస్తాద్. గ్లౌజుకు."

"అరిచిందెవరు?"

"మన కేశవులు."

"తోలేవాడేనా అరిచింది?"

"తోలేవాడే."

పెద్దాయన శాలువాలోకి ముడుచుకున్నాడు.

కేశవులు కళ్లు తుడుచుకొని లేచాడు. ఎవరూ చెప్పలేదు, తనే కత్తిని నేలకు ఆనించాడు, తాళం పీకి జేబులో వేసుకున్నాడు. సీటు లేపి టేపు విప్పాడు. మెలిపెట్టిన తీగల్ని విడదీసి, వాటి వాటి చోట్లలో పెట్టాడు. ఆ తర్వాత ఎక్కి కూర్చొని, తాళం తిప్పి, పది లెక్కపెట్టి, లేచాడు.

టక్.

మళ్లీ కూర్చొని, మళ్లీ లేచి చూసుకున్నాడు. అట్లా నాలుగైదుసార్లు.

మిగిలిన ఆ మూల గీకేసరికి మధ్యాహ్నమైంది. ఉస్తాద్ గోడ నీడన పెద్దాయన పక్కన కూర్చొని క్యారియరు విప్పుతున్నాడు. కేశవులు పోయి ఆయన ముందు తాళంచెవి పెట్టాడు. పెట్టి, బ్యాగు సర్దుకోవడానికి వెనక్కి తిరిగాడు.

"యాడికి?" అన్నాడు ఉస్తాద్.

"ఊరికి. జేసీబీ పనే చూసుకుంటా ఉస్తాద్."

ఉస్తాద్ మెడలోంచి నల్లదారం తీశాడు. తాళం దానికి గుచ్చి, ముడి వేశాడు. కేశవులుని వంగమని సైగ చేసి మెడలో వేశాడు.

పొద్దున జరిగినదానికన్నా ఇది ఎక్కువ దెబ్బ కొట్టింది వాడిని.

"ఉస్తాద్, ఆ గ్లౌజులో మీ చెయ్యే ఉండుంటే? నేను తీసేసినోణ్ణే గదా! నాకెట్ల ఇస్తారు?"

ఉస్తాద్ పప్పు వేసి అన్నం కలిపాడు. ముద్ద చేసి పెద్దాయన నోటి దగ్గరికి తీసుకుపోయాడు. పెద్దాయన ముందుకు వంగేసరికి శాలువా జారి ఒళ్లో పడింది.

కుడిచేతికి బొటనవేలు ఒక్కటే ఉంది. మిగతా నాలుగూ మొదలంటా లేవు. ఒకే గీత మీద, కొలిచి కోసినట్టు.

కేశవులు చూపు అక్కడే అతుక్కుపోయింది. ఉస్తాద్ ఎడమచేత్తో శాలువా పైకి లాగి, ఆ చేతి మీద మెల్లగా కప్పాడు.

"కువైట్‌లో," అన్నాడు. "ఇరవై ఆరేండ్లాయె. ఆపొద్దు సీటు కింద తీగ చుట్టింది నేనే."

పెద్దాయన ముద్ద నములుతూ నోరు ఆపాడు. తర్వాత మళ్లీ నమిలాడు.

"దీపం వెలుగుతానే ఉండింది. ఈయన చెయ్యి కిందికి పోతాంటే చూస్తానే ఉన్నా. చెప్తే తాళం పోతాదనుకున్నా."

ఇంకో ముద్ద కలిపాడు. పెద్దాయన నోరు తెరిచేదాకా ఆగి, పెట్టాడు. అప్పుడు కేశవులు వైపు చూశాడు.

"నువ్వు అరిచినావు నాయనా."