నక్క సమర్పించిన నీటి కబురు

ఎర్రగట్టు అడవిలో ఎవరైనా ఏ మాటైనా చెప్పొచ్చు. ఆ మాట తమకెవరు చెప్పారో కూడా చెప్పాలి, అదొక్కటే షరతు.

ఈ షరతు ఊరికే పుట్టలేదు. వెనకటికి ఒక ఎండాకాలం మడుగు ఎండిపోతే, పడమటి క్వారీ గుంటలో నీళ్లున్నాయని కబురొచ్చింది. ఎవరు చూశారయ్యా అంటే 'ఎవరో అన్నారట' అన్నారు. ఆ 'ఎవరో'ని నమ్ముకుని మంద మూడు రోజులు నడిచింది. గుంటలో రాళ్లున్నాయి. వెళ్లిన దూడల్లో సగం తిరిగి రాలేదు. మందకి పెద్దయిన అడవిదున్న ఆ దూడల్ని ఇప్పటికీ మర్చిపోలేదు.

అందుకని ఆయనే కట్టుబాటు పెట్టాడు. నీటి కబురు తెచ్చినవాళ్లు దాన్ని టేకాకు మీద గోటితో గీసి ఇవ్వాలి. కింద చెప్పినవాళ్ల వరుస ఉండాలి: ఎవరు చెప్పారు, ఎక్కడ చెప్పారు, ఏ రోజు చెప్పారు. కబురుకి సభ ఒప్పుకుంటే, తెచ్చినవాళ్లని దున్న తన వీపు మీద ఎక్కించుకుని నీళ్లదాకా తీసుకెళ్తాడు.

కట్టుబాటు మంచిదే. కాకపోతే దాన్ని చూసుకునే పని కొంగకి అప్పగించారు.

కొంగకి నీళ్లెక్కడున్నాయో అక్కర్లేదు, వరుస ఎలా ఉందో కావాలి. ఎగిరేవాళ్లు ముందు, నడిచేవాళ్లు తర్వాత, పాకేవాళ్లు ఆఖర్న. పేరు కింద ఒక గీత, చోటు కింద రెండు గీతలు, తిథి చుట్టూ సున్నా. ఆకు అంచున ముక్కు వెడల్పు ఖాళీ వదలాలి. ఎవరి ముక్కు అని అడగక్కర్లేదు, కొంగ ముక్కే.

ఆ ఏడు కబురు తెచ్చింది ముసలి తాబేలు. మాఘమాసం నుంచీ పొదపొదకీ పోయి, కుందేలుని అడిగి, పందికొక్కుని అడిగి, పీతని అడిగి, కౌజుపిట్టని అడిగి, నలుగురి మాటా ఒక్కటయ్యాక బూరుగు లోయలో ఊట ఉందని తేల్చింది. ఆ లోయ దున్న నడకకి రెండు రోజులు, తాబేలు నడకకి నెల. మడుగులో మిగిలిన బురద నాలుగు రోజులకి సరిపోతుంది. దున్న వీపు మీద చోటు దొరక్కపోతే తాబేలు బతకదు. ఆ సంగతి దానికీ తెలుసు, అడవికీ తెలుసు.

కొంగ ఆకుని వెనక్కిచ్చేసింది.

"కుందేల్ని ముందు రాశావేంటమ్మా? పిట్ట కదా ముందు రావాలి."

"కుందేలు ముందు కనపడింది నాయనా."

"కనపడటం దాని ఇష్టం. రాయించడం నా ఇష్టం."

రెండోసారి గీతలు వంకరన్నది. మూడోసారి సున్నా కలవలేదన్నది.

"ఈ కాళ్లతో సున్నా ఎట్లా కలుస్తుంది బాబూ?"

"రేపు పొద్దున్నే సభ. ఈలోపు కలిపి తీసుకురా."

ఇదంతా విని నక్క వచ్చింది. నక్క రాత ముత్యాల్లా ఉంటుందని అడవిలో పేరు. ఆ రాతతో ఎవరికైనా మేలు జరిగిందని మాత్రం ఎవరూ అనరు.

"అత్తా, నీ పాట్లు చూడలేకపోతున్నా. ఆ ఆకు ఇటివ్వు, నేను తిరగరాసి పెడతా."

"నీకెందుకురా శ్రమ?"

"పుణ్యం వస్తుందిగా."

"పోనీ, తిరగరాసింది నువ్వని ఓ మూల నీ పేరు కూడా వేసుకో. దున్న వీపు వెడల్పే, ఇద్దరం పడతాం."

"అంత మాటెందుకత్తా," అంటూ నక్క ఆకు పట్టుకుపోయింది.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయట. తెల్లారి సభలో నక్క కొత్త ఆకు తెచ్చి కొంగ ముందు పెట్టింది. పైన 'నక్క అడిగి తెలుసుకున్న నీటి కబురు' అని ఉంది. తాబేలు పేరు మూలన కూడా లేదు. సొమ్మొకడిది, సోకొకడిది.

కొంగ ఆకుని ఎండకి పెట్టి చూసి కళ్లు ఒత్తుకుంది. "ఇన్నేళ్లలో ఇంత గుండ్రటి సున్నాలు చూడలేదు."

"అది నా కబురు నాయనా!" అంది తాబేలు. "నేను తిరిగి, నేను అడిగిందే!"

"మరి నీ ఆకేదమ్మా?"

"నక్కకిచ్చాను."

"ఇచ్చినట్టు ఆకుందా?"

లేదు. తాబేలుకి భయం వేసింది. బతకడానికి చేసిన పనంతా కళ్లముందే ఇంకొకరి పేరు మీద పోతోంది. ఆ భయంలోనే దానికి ఒక ఆలోచన వచ్చింది.

"పెద్దయ్యా, వరుసలో నలుగురున్నారుగా. వాళ్లని పిలిపించి అడగండి."

సభలో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వరుసలో ఉన్నవాళ్లని నిజంగా పిలిచి అడగడం ఇంతవరకూ జరగలేదు. "అలాంటి పద్ధతి లేదు," అని కొంగ నసిగింది. దున్న మాత్రం నక్క వైపు తిరిగాడు.

"వీళ్లందరినీ నువ్వే అడిగావా?"

"ఎదురెదురుగా కూచుని అడిగా పెద్దయ్యా. ఒక్కొక్కరినీ."

ముందు కుందేలు వచ్చింది. దున్న కాళ్ల మధ్య నిలబడితేనే నోరు విప్పుతానంది.

"మాఘ శుద్ధ ఏకాదశినాడు తంగేడు పొద కింద నువ్వు నక్కతో మాట్లాడావా?"

"నక్క మావ నాతో ఎదురెదురుగా కూచుని ఉంటే, ఇయ్యాళ సాక్ష్యానికి నేను మిగిలేదాన్నా పెద్దయ్యా?"

సభ గొల్లుమంది. నక్క చేతులు జోడించింది. "ఆ రోజు ఏకాదశి. ఉపవాసం ఉన్నా."

పందికొక్కు వచ్చింది. "మాఘ పౌర్ణమినాడు నా కన్నం ముందుకొచ్చావని రాశావు. ఆ రోజూ ఉపవాసమేనా మావా?"

"పౌర్ణమి కదా మరి."

"నాది బహుళ చవితి," అంది పీత.

"చవితి ఉపవాసం మా ఇంటి ఆనవాయితీ."

అడవిలో ఇంత భక్తి ఉన్న నక్క ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలీదు. ఉపవాసం అబద్ధమని రుజువు చేయడం ఎవరి తరమూ కాదు. దున్న ఆలోచనలో పడ్డాడు. తాబేలు తల సగం డొప్పలోకి పోయింది.

ఆఖర్న కౌజుపిట్ట ముందుకొచ్చింది. పిట్ట కొంచెం, కూత ఘనం.

"పెద్దయ్యా, నాకు నక్క మావ మాట నిజమే అనిపిస్తోంది. ఏం మావా, ఫాల్గుణ బహుళ అష్టమి తెల్లారి, గట్టు కింద ఈతపొద. అక్కడికేగా నువ్వొచ్చింది?"

"అక్కడికే తల్లీ," అంది నక్క ఉత్సాహంగా. "చూడు, చోటు కింద రెండు గీతలు కూడా ఉన్నాయి."

"నువ్వూ నేనూ తప్ప ఇంకెవరూ లేరుగా?"

"పురుగు కూడా లేదు."

"అయితే దొరికావు! ఆ తెల్లారే నా గూట్లో ఆరు గుడ్లు పోయినయ్. ఎవరు తిన్నారో తెలీక ఇన్నాళ్లూ ఏడుస్తున్నా. వచ్చిన రోజు, వచ్చిన చోటు నీ రాతలోనే ఉన్నాయి. పెద్దయ్యా, ఇంక నాకు వేరే సాక్ష్యం ఎందుకు?"

గుడ్ల దొంగకి ఎర్రగట్టులో ఒకటే శిక్ష, మందతో నీళ్లకి రానివ్వరు. దున్న కొమ్ములు వంచాడు.

నక్కకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. వెళ్లానంటే దొంగ, వెళ్లలేదంటే కబురు తనది కాదు. వంచిన కొమ్ములు చూశాక గొయ్యే నయమనిపించింది.

"నేను ఈతపొదకి పోలేదు!"

"ఆకులో ఉందిగా," అంది కొంగ.

"ఆకు నాది కాదు! తాబేలత్తది! తిరిగింది ఆమె, అడిగింది ఆమె, ఒక్క ముక్క నాది కాదు. సున్నాలు మాత్రమే నావి!"

కొంగ గోరు సవరించుకుంది. "నీకు ఎవరు చెప్పారు?"

"తాబేలు!"

"ఎక్కడ?"

"మడుగు గట్టున!"

"ఏ రోజు?"

"నిన్న! వైశాఖ బహుళ తదియ!"

కొంగ నక్క పేరు కొట్టేసి తాబేలు పేరు రాసింది. పేరు కింద ఒక గీత గీసి, చోటు కింద రెండు గీసి, తిథి చుట్టూ జాగ్రత్తగా సున్నా చుట్టింది.

"ఇప్పుడు పద్ధతిగా ఉంది," అంది.

దున్న మోకాళ్ల మీద వంగి తాబేలుని ఎక్కించుకున్నాడు. నక్క మంద చివర దుమ్ములో నడిచింది. దొంగకి తేలు కుట్టినట్టు తోక ముడుచుకుంది.

సగం దారిలో కౌజుపిట్ట వచ్చి తాబేలు పక్కన వాలింది. తాబేలు గొంతు తగ్గించి అడిగింది.

"ఏమే, ఆ తెల్లారి నేనొచ్చినప్పుడు నీ గూట్లో గుడ్లే లేవు కదే?"

"ఈ ఏడు ఇంకా పెట్టనే లేదత్తా."

"మరి ఆరు పోయినయ్యంటివి?"

"ఎవరైనా అడిగితే చెబుదామనే ఉన్నా," అంది కౌజుపిట్ట. "ఒక్కళ్లూ అడగలేదు."

నీతి: పరాయి మాటని నీదని చెప్పుకుంటే, ఆ మాట తిరిగిన దారులన్నిటికీ నువ్వే జవాబు చెప్పాలి.