ఎముకలిమ్మన్న మేయరు

అనగనగా సముద్రాల అవతల, మెక్సికో దేశంలో, ఒక ఊళ్ళో హసింతా అని బొమ్మలు చెక్కే ఆవిడ ఉండేది. చెక్క మీద బొమ్మ చెక్కి, సిరా పూసి, కాగితం మీద అచ్చు వేసి అమ్ముకునేది.

ఆ ఊళ్ళో ఒక ముచ్చట ఉంది, బంగారం. ఏడాదికోసారి చనిపోయినవాళ్ళని తలుచుకునే పండగ వస్తుంది. ఆ పండక్కి బతికున్నవాళ్ళని అస్థిపంజరాలుగా బొమ్మ వేసి ఆటపట్టిస్తారు. రొట్టెలావిడ ఎముకల చేత్తో రొట్టెలు కాలుస్తుంది. పంతులుగారు ఎముకల వేలు ఊపుతూ పాఠం చెప్తాడు. భయపడకు, అవి నవ్వే ఎముకలు. నీ బుగ్గ తడుముకో, లోపల గట్టిగా తగుల్తోందా? అవే! ఎవరంటే ఇష్టమో వాళ్ళనే అలా ఏడిపిస్తారు.

ఆ ఏడు హసింతా ఊరందరినీ ఒకే చెక్క మీద పెన్సిలుతో గీస్తుంటే మేయరుగారు వచ్చాడు. "నా పుర్రెకి మంచి టోపీ పెట్టు" అన్నాడు. పెట్టింది. అప్పుడు మళ్ళీ వచ్చి, "మీసం పెట్టు" అన్నాడు. పుర్రెకి మీసమేమిటని నవ్వుకుంటూనే పెట్టింది. ఆ తర్వాత మూడోసారి వచ్చాడు, మొహం గంటు పెట్టుకుని. "నేను ఎముకలేమిటి? బుగ్గలతో, పొట్టతో నిండుగా వెయ్యి. లేదా, నీ కొట్టుకి తాళం వేయిస్తా!"

హసింతాకి ఏడుపొచ్చింది. ఆ కొట్టే ఆవిడ తిండి. ఏం చేస్తుంది పాపం! గీసిన పుర్రె చెరిపేసి, ఆయన్ని బుగ్గలతో సహా చెక్కింది.

అచ్చు వేసి కాగితాలు తాడు మీద ఆరేసింది. గాలొచ్చింది. అప్పుడు చూడాలి! బొమ్మలో ఎముకలన్నీ చేతులు పట్టుకుని టకటకా ఆడటం మొదలుపెట్టాయి. రొట్టెలావిడ, పంతులుగారు గిరగిరా తిరిగారు. మేయరొక్కడే కదల్లేదు. ఒంటినిండా సిరాయే, ఆ బరువుకి ఆయనున్న మూల కాగితం కిందికి వేలాడిపోయింది.

మేయరుగారు మనవరాలు లూపెని వెంటబెట్టుకుని చూడ్డానికొచ్చాడు. ఆ పిల్ల అందరినీ చూసి పకపకా నవ్వింది. తాతని చూసి నవ్వు ఆపేసింది.

"తాతా, నిన్నెవ్వరూ ఆటకి పిలవలేదా? నువ్వంటే ఎవరికీ ఇష్టం లేదా?"

మేయరు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "హసింతా, నా ఎముకలు నాకిచ్చెయ్యమ్మా" అన్నాడు.

"ఎముకకి కండ అతికించడం నా వల్ల కాదు గానీ అయ్యా, కండలోంచి ఎముక తియ్యడం ఎంతసేపు! చెక్కినచోటల్లా తెల్లగా పడుతుంది" అని ఉలి అందుకుంది. బుగ్గలు చెక్కేసింది. పొట్ట చెక్కేసింది. మీసం మాత్రం ఉంచింది, లూపె ఉంచమంది.

మళ్ళీ అచ్చు వేసి ఆరేసింది. మళ్ళీ గాలొచ్చింది. మేయరు తేలిగ్గా, తెల్లగా, మీసంతో ఆటలోకి దూకాడు. ఆయనకి చెయ్యందించింది ఎవరనుకున్నావు? ఉలి పట్టుకున్న ఎముకల హసింతాయే! తాళం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఎముకలు ఆటకి,
కథేమో కంచికి,
నా బంగారం నిద్రకి.